బోరు నీళ్లలో కాకి వాటా

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారి మీద మనిషి జాడ ఉండదు గానీ, దారి పక్కన వేపచెట్టు కింద మాత్రం ఖాళీ దొరకదు. గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, మందంతా ఒకే ముద్దలా నిలబడి ఉంటాయి. మందను కాచే కుక్క చెట్టు మొదట్లో మట్టి గీరి గుంట చేసుకుంటుంది. కాస్త చల్లగా తగిలిన నేలకు పొట్ట ఆనించి, నాలుక వేలాడేసి వగరుస్తుంది. పైన కొమ్మ మీద కాకి ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. మైలు దూరాన బీడులో ఒంటరి తుమ్మచెట్టు కింద నాలుగు జింకలు, నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంటాయి. కుక్క కాపరికి నేస్తం, గొర్రె అతని బతుకుతెరువు, కాకి ఎవరిదీ కాదు, జింక ప్రభుత్వానిది. ఇవి మనం రాసుకున్న తేడాలు. ఆ ఎండలో నాలుగింటికీ కావలసింది ఇంత నీడ, ఇన్ని నీళ్లు.

ఏటా ఎండాకాలం రాగానే మిద్దె మీద పిట్టలకు గిన్నెలో నీళ్లు పెట్టమని విన్నపాలు మొదలవుతాయి. మంచి మాటే, పెట్టాల్సిందే. కానీ ఆ మాట వెనుక ఒక పొరపాటు ఆలోచన ఉంది: నీళ్లు మనవి, దయ కలిగితే జంతువులకు నాలుగు చుక్కలు పోస్తాం అన్నది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ సీమలో నీళ్ల కథ చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. ఇక్కడి నీళ్లలో జంతువులకు ఎప్పుడూ వాటా ఉండేది, ఎవరూ పంచకుండానే అందేది. రెండు తరాల కాలంలో మనం నీళ్లను బావిలోంచి బోరులోకి, కాలువలోంచి గొట్టంలోకి మార్చుకున్నాం. ఆ మార్పులో వాటి వాటా పోయింది. ఎవరూ పగబట్టి లాక్కోలేదు, ఎవరూ గమనించలేదు, అంతే. కాబట్టి ఇప్పుడు తొట్టిలో పోసే నీళ్లు దానం కిందికి రావు, బాకీ కిందికి వస్తాయి. బాకీని మనసున్నవాళ్ల ఇష్టానికి వదిలేయకూడదు. అది పంచాయతీ లెక్కలోకి, మునిసిపాలిటీ లెక్కలోకి ఎక్కాలి.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. కుక్కకు ఆ వసతి లేదు. దాని చెమట గ్రంథులు అరిపాదాల దగ్గర మాత్రమే పనిచేస్తాయి. ఒంట్లో వేడి పోవాలంటే వగర్చి నోటి తడిని ఆవిరి చేయడమే దానికి దారి. పక్షులకు చెమట గ్రంథులే లేవు, అందుకే కాకి ముక్కు తెరుచుకుని కూర్చుంటుంది. బర్రెకు నల్లటి మందపాటి తోలు, అందులో చెమట గ్రంథులు తక్కువ. అది నీళ్లలో మునిగి పడుకోవడం సుఖం కోసం అనుకుంటాం గానీ అది దాని ప్రాణావసరం. ఇలా చూస్తే ఈ జీవాలన్నిటికీ నీళ్లు దాహం తీర్చేవే కాదు, ఒళ్లు చల్లార్చే సాధనం కూడా. తాగడానికి దొరక్కపోతే వగర్చడానికి తడి ఉండదు, వగర్చలేకపోతే ఒళ్లు కాగిపోతుంది. ఎండదెబ్బ తగిలిన కుక్క ముందు తూలుతుంది, చిగుళ్లు ఎర్రగా మారతాయి, తర్వాత కూలబడుతుంది. గంటల వ్యవధిలో ప్రాణం పోవచ్చు. కర్నూలు జిల్లాలో మే నెలలో 44 డిగ్రీలు దాటడం వింత కాదు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయన్న సామెత ఈ నేలకు బాగా తెలుసు. ఇంతటి ఎండలో కూడా ఇన్ని వేల ఏళ్లు ఇక్కడ జింకా నక్కా కుందేలూ కౌజుపిట్టా బతికాయంటే, నీళ్లు వాటికి ఎక్కడో అందుతూ ఉండాలి కదా.

ఎక్కడ అందేవో చెప్పే సాక్ష్యాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి, అందులో ఒకటి రాయి మీద ఉంది. పత్తికొండ, గుత్తి దారిలోని ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలు 1929లో బయటపడ్డాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్న అరుదైన స్థలమిది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటి రాత. అందులో రెండో శాసనం చెప్పే విషయం ఇది: మనుషులకూ పశువులకూ ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేశారని, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించారని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు వేయించారని, అవి మనుషులతోపాటు పశువుల అనుభోగానికి కూడానని. మొదటి శాసనం రాజు వంటశాల ముచ్చట చెబుతుంది. అక్కడ రోజూ చంపేవి రెండు నెమళ్లు, ఒక జింక వరకు తగ్గాయని, ముందుముందు అవీ చంపరని. నెమలీ జింకా ఇప్పటికీ ఆ బండల చుట్టుపక్కల పొలాల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఇంకో విశేషం. ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దులు చాలు చివర మడక తిప్పుకుని వచ్చినట్టు. పశువు నడకే రాతకు నడక అయిన రాయి మన పొలిమేరలో ఉంది.

ఆ తర్వాత రెండు వేల ఏళ్లకు అదే దారిలో మరో గుర్తు. మద్రాసు గవర్నరు పదవి నుంచి దిగే ముందు, ఒకప్పుడు కలెక్టరుగా ఏలిన దత్తమండలాలను కడసారి చూసిపోదామని వచ్చిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మద్రాసు నగరం ఆయనకు గుర్రం మీద విగ్రహం పెట్టుకుంది. పత్తికొండలో ప్రభుత్వం ఆయన పేరిట రాతిమెట్ల బావి కట్టించి, చెట్ల తోపు వేయించింది. ఈ సీమలో పెద్దమనిషిని తలచుకోవాలంటే నీళ్లూ నీడా ఇవ్వడమే తగిన పని అని తెల్లవాళ్ల ప్రభుత్వానికి కూడా తోచింది. ఇక్కడ మెట్లను గమనించాలి. మెట్లున్న బావిలోకి మనిషి దిగుతాడు, మేక దిగుతుంది, కుక్క దిగుతుంది, రాత్రిపూట నక్క కూడా దిగుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ తోడిపోయక్కర్లేదు. కపిల తోలిన కాలంలోనూ అంతే. తోలుబాన పైకొచ్చి తొట్టిలో ఒలికినప్పుడు ఎడ్లు తాగేవి, కాలవలో పారినంత దూరం గోరింకలు స్నానం చేసేవి, తేనెటీగలు వాలేవి. వంకల్లో చెలమ తవ్వితే మనిషి ముంచుకుపోయాక మిగిలిన ఊటను రాత్రికి ఏ జంతువో తాగేది. నీళ్లు వాడుకునే పద్ధతిలోనే వాటా ఇమిడి ఉండేది.

ఇప్పుడు బోరు సంగతి చూడండి. భూమికి జానెడు రంధ్రం, దానికి కేసింగు గొట్టం, లోపల ఎన్నో వందల అడుగుల కింద మోటారు. పైకొచ్చిన నీళ్లు గొట్టంలోనే చేనికి పోయి, డ్రిప్పు పైపులోంచి మొక్క మొదట్లో చుక్కచుక్కగా దిగుతాయి. వాన అంతంతమాత్రంగా కురిసే ఈ మెట్టసీమకు డ్రిప్పు వరం. టమోటా రైతును అది నిలబెట్టింది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ దారి పొడవునా ఒక పిచ్చుక ముక్కు తడుపుకునే చోటు లేదని ఒప్పుకోవాలి. తాగునీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఇంటి కుళాయికి, లేదంటే ప్లాంటు నుంచి మూతబిగించిన క్యానులో వస్తాయి. హంద్రీ–నీవా కాలువ కృష్ణా నీళ్లను పత్తికొండ దాకా తెచ్చింది, పందికోన జలాశయం నిండింది, గొప్ప మేలే. అయితే ఏ కాలువైనా గట్లకు సిమెంటు లైనింగు వేసి ఏటవాలుగా దింపితే, తాగడానికి దిగిన జంతువుకు గిట్టలు జారతాయి, తిరిగి ఎక్కడానికి పట్టు దొరకదు. పాడుబడిన పాత బావులదీ అదే కథ. నీటిమట్టం దిగిపోయి, మెట్లు ఊడి, ఒర కూలిన బావి నీళ్లిచ్చే చోటు కాకుండా జంతువులకు ఉచ్చుగా మిగిలింది. కంటికి కనిపించే నీళ్లు కాలికి అందవు, కాలికి అందేవి ప్రాణం తీస్తాయి.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనది: ఈ సీమలో మనుషులకే నీళ్లు లేవు కదా అన్నది. కోసిగి, ఆదోని, ఆలూరు పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణకు, కట్టుబడి పనులకు బెంగళూరుకు వలసపోతాయి. ఇళ్లకు తాళాలు పడే ఊళ్లలో కాకి దాహం గురించి మాట్లాడటం అన్యాయం అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. జలజీవన్ మిషన్ ఒక మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. పదిహేను కిలోల కుక్కకు మామూలు రోజుల్లో లీటరుకు కాస్త అటూ ఇటూ చాలు, ఎండల్లో ఇంకొంచెం ఎక్కువ. గొర్రెకు వేసవిలో ఆరేడు లీటర్లు కావచ్చు. పిట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు, వంద పిచ్చుకలకు ఒక చెంబు. ఒక ఊళ్లో ఎవరివీ కాని కుక్కలు, పిల్లులు, పక్షులు, పొలిమేరలోకి వచ్చే జింకలు అన్నీ కలిపినా రోజుకు ఐదారుగురు మనుషుల వాటా దాటడం కష్టం. లీకయ్యే ఒక వాల్వు దగ్గర అంతకన్నా ఎక్కువ పోతుంది. ఎక్కువ తాగేవి ఎద్దులు, బర్రెలు, గొర్రెల మందలు. వాటికి పోసే నీళ్లు మనిషి కూటికి పోసినట్టే. 1876–78 ధాత కరువు ఈ సీమను తుడిచిపెట్టినప్పుడు మనుషులతోపాటు పశువులూ పోయాయి. వాన తిరిగొచ్చాక మడక కట్టడానికి ఎద్దు లేకపోవడం కరువును ఎంత పొడిగిస్తుందో ఊహించుకోవచ్చు.

రెండో అభ్యంతరం రైతుది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి అత్యున్నత రక్షణ ఉంది. అదే కృష్ణజింక పశ్చిమ కర్నూలు రైతు కంటికి, వేరుశనగ మొలక రెండాకులు వేయగానే తెల్లారేసరికి మేసిపోయే మంద. విత్తనం అప్పుచేసి కొన్నవాడిని జింకకు నీళ్లు పొయ్యమని అడగడం ఎలా? ఒకప్పటి కర్నూలు జిల్లాలోని (ఇప్పుడు నంద్యాల జిల్లా) రోళ్లపాడు అభయారణ్యం అనుభవం ఉండనే ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన ఆ గడ్డిమైదానంలో జింకలు పెరిగాయి, చుట్టుపక్కల పంటలు దెబ్బతిన్నాయి, రైతు మనసు విరిగింది, చివరికి ఆ పిట్ట కూడా కంటికి కరువైంది. రైతు నష్టాన్ని లెక్కలోకి తీసుకోని రక్షణ ఎవరినీ రక్షించదని ఆ అనుభవం చెబుతోంది. కాబట్టి నీళ్లు పెడితే జింకల సమస్య తీరుతుందని నేను అనను. పంట నష్టానికి పరిహారం వేగంగా, తిరగకుండా చేతికి అందాలి. అది వేరే పోరాటం, న్యాయమైన పోరాటం. కానీ ఎండాకాలపు నీళ్ల విషయంలో రైతు ప్రయోజనం జింక ప్రయోజనంతో కలుస్తుంది. మే నెలలో చేలన్నీ బీడు. పచ్చగా ఉండేది బోరు కింద కూరగాయల మడి ఒక్కటే. కొండ దాపున, బీడులో, అటవీ భూమిలో తాగడానికి ఏమీ లేకపోతే జింక పచ్చదనం ఉన్న ఆ మడికే వస్తుంది, డ్రిప్పు పైపులను కొరికి తడి వెతికే ప్రాణులూ వస్తాయి. తొట్టిని ఊరికీ చేలకూ ఎడంగా పెడితే అవి అటు నిలిచే అవకాశం పెరుగుతుంది. తొట్టి ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది రైతే. ఏ మంద ఏ దారిన వస్తుందో అతనికి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు.

వీధికుక్కల మాట వచ్చేసరికి గొంతులు పెరుగుతాయి. పిల్లలను కరుస్తున్నాయి, వాటికి నీళ్లు పెట్టి ఊళ్లోనే నిలపడమేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్ల భయం నిజం. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికించే వైద్యం లేదు. ఆ భయానికి మందు 2023 జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పిన దారి: పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేయడం. ఆ పని చేయని పురపాలకాన్ని నిలదీయాలి. దాహంతో కుక్కను చంపుదామని ఎవరూ అనరు, నీళ్లు పెట్టకపోతే జరిగేది మాత్రం అదే. పైగా దప్పికగొన్న కుక్క ఊరు వదిలిపోదు. కుళాయిల దగ్గరికి, గుమ్మాల్లోకి, పిల్లలు ఆడుకునే చోటికే వస్తుంది. రోజూ ఒకే మూలన నీళ్లు తాగే కుక్క టీకా వేసేవాళ్లకు పట్టుకోవడానికి కూడా సులువు.

అడవి జంతువు తన బతుకు తాను చూసుకుంటుంది, మనం జోక్యం చేసుకోకూడదు అనేవాళ్లూ ఉన్నారు. నల్లమల లోతట్టు అడవికి ఆ మాట చాలావరకు చెల్లుతుంది. పత్తికొండ చుట్టూ ఉన్నది అడవి కాదు. చేలు, బీళ్లు, గుట్టలు, ఊళ్లు కలిసిన నేల ఇది. ఇక్కడ కుందేలూ నక్కా ఉడుమూ మన మధ్యే బతుకుతున్నాయి, మనం తవ్వినదాని మీదా మూసినదాని మీదా ఆధారపడి. జోక్యం ఎప్పుడో జరిగిపోయింది.

అలాంటప్పుడు మంచి మనుషుల గిన్నెలు చాలవా? చాలవు, ఎందుకంటే గిన్నెకు కొనసాగింపు లేదు. జంతువు అలవాటు పడిన చోటికే వస్తుంది. నెలరోజులు నింపి, పెళ్లికని వారం ఊరెళితే, ఆ వారం ఎండ తగ్గదు. వలస ఊళ్లలో ఇది ఇంకా కఠినం. ఇల్లుగలవాళ్లు పనికి పోతారు, కుక్క గడప దగ్గరే ఉంటుంది, ముసలి అవ్వ ఎన్ని బిందెలు మోయగలదు? అందుకే ఒక్కరి దయ కన్నా ఇద్దరి స్నేహం గట్టిది. ఒకరు ఉదయం, ఒకరు సాయంత్రం వంతు వేసుకుంటే ఒకరు లేని పూట రెండోవారు చూస్తారు. ఇద్దరి స్నేహం కన్నా ఊరి ఏర్పాటు ఇంకా గట్టిది. ఏటా బస్టాండ్ల దగ్గర, కూడళ్లలో చలివేంద్రాలు పెట్టే సంప్రదాయం మనకుంది. సంఘాలు, దుకాణదారులు, పార్టీలవాళ్లు పోటీపడి పెడతారు. ప్రతి చలివేంద్రం పక్కన నేలమీద ఒక తొట్టి ఉండాలన్నది ఒక్కటి నియమం చేసుకుంటే ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే బండెద్దు దగ్గర్నుంచి ఆ వీధి పిల్లిదాకా ఒకే ఏర్పాటు సరిపోతుంది. చట్టం కూడా ఇటే ఉంది. యజమాని తన జంతువుకు నీళ్లు, మేత, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. 37 డిగ్రీలు దాటినప్పుడు మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పశువులను బండికి కట్టి లాగించకూడదని 1965 నాటి నియమాలున్నాయి. ఈ సీమలో 37 అంటే మార్చి నెలే. రాజ్యాంగం 51ఏ అధికరణ ప్రాణుల పట్ల కరుణను పౌరుడి విధుల్లో చేర్చింది. ఉపాధి హామీ కింద పశువుల నీటితొట్లు కట్టుకునే వీలూ ఉంది.

తొట్టి కట్టడం తేలిక, అది పనిచేసేలా కట్టడంలోనే కిటుకుంది. బర్రెకు సరిపోయే ఎత్తులో కట్టిన తొట్టి అంచు గొర్రెపిల్లకు ఆకాశమంత. ఒకే తొట్టికి ఒక పక్క రెండున్నర అడుగుల గోడ, మరో పక్క అడుగు ఎత్తున చిన్న అర ఉంటే రెండూ తాగుతాయి. లోపల నున్నటి సిమెంటు పూత పూస్తే ఉడుత పడి ఎక్కలేక చస్తుంది. ఒక మూల గరుకు బండ ఏటవాలుగా వేస్తే అదే మెట్లబావి అవుతుంది. ఆ బండ తడి మీద తేనెటీగలు కూడా వాలి తాగుతాయి. మధ్యాహ్నం ఎండకు కాగిన నీళ్లు ఏ నోటికీ పట్టవు, కాబట్టి నింపాల్సింది పొద్దుగూకాక. జింకా నక్కా వచ్చేదీ ఆ వేళకే. దోమలు పెరుగుతాయన్న భయానికి వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి, తోమి, లోపల సున్నం కొట్టి ఆరబెడితే చాలు. పక్కన ఒక వేపో కానుగో నాటితే అయిదారేళ్లలో నీడ కూడా అమరుతుంది.

ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు చెప్పాలి. ఆదోని, ఎమ్మిగనూరు మిద్దెల మీద రేకుల కింద గొలుసుతో కట్టేసిన కుక్కకు నీడ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఆ రేకు కింద వేడి బయటికన్నా తక్కువేమీ కాదు. తారురోడ్డు మీద అరచేతి వెనుకవైపు అయిదారు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద దాన్ని నడిపించకూడదు. ఎండదెబ్బ తగిలితే నీడకు తెచ్చి, పొట్టకూ పాదాలకూ మామూలు చల్లటి నీళ్లు పోసి, విసిరి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఐసుగడ్డలు పెట్టొద్దు, స్పృహ లేనిదానికి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. పల్లెలో పశువుకైతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినం. ఆ రోజు జరిగే గ్రామసభ ఎజెండాలో ఒక అంశం చేర్చమని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: ఊళ్లో ఎన్ని తొట్లున్నాయి, వాటిలో ఎన్నింట్లో నీళ్లున్నాయి, పొలిమేర అవతల కొత్తది ఎక్కడ కావాలి. తొట్లు రోజూ నిండాలంటే, వాటితోపాటు మినిట్స్ పుస్తకంలో రెండు పేర్లు కూడా రాయించాలి. పంచాయతీ బోరు మోటారు గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అతను ఊరెళ్లిన రోజు ఎవరి చేతికి ఇచ్చి పోతాడు.